విజిల్ ఊదాక సారీ

మా ఆయన రామమోహన్ గారికి కోపం రాదు. ఆయన వాటా కూడా కలిపి దేవుడు నాకే ఇచ్చాడు. పెళ్లయినప్పటినుంచీ ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. అలాంటి మనిషి 1983లో, మేం న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో ఉన్నప్పుడు, ఆడపిల్లల సాకర్ లీగ్‌కి రిఫరీ అయ్యారు.

సాకరంటే మన ఫుట్‌బాలే. ఆ ఆటంటే ఆయనకి ప్రాణం. హైదరాబాద్‌లో కాలేజీ జట్టులో ఆడేవారు. మోకాలు దెబ్బతిన్నాక మానేయాల్సి వచ్చింది. అయితే పన్నెండేళ్ల పిల్లల వెనకాల విజిల్ పట్టుకుని పరిగెత్తడానికి ఆ మోకాలు ఒప్పుకుంది. "పదిహేనేళ్ల తర్వాత మళ్లీ గ్రౌండ్‌లో దిగాను విజయా!" అని మొదటిరోజు ఇంటికొచ్చి చెబుతుంటే ఆయన మొహం చూసి నాకే ముచ్చటేసింది.

అక్టోబర్‌లో ఒక శనివారం ఫోనొచ్చింది. రిఫరీల వ్యవహారం చూసే వాల్టర్ అనే పెద్దాయన. మా ఆయన మీద మూడు ఫిర్యాదులు వచ్చాయట. వచ్చే శనివారం తనే వచ్చి మ్యాచ్ చూస్తానని, మళ్లీ గొడవైతే లీగ్ వాళ్లిచ్చిన రిఫరీ బ్యాడ్జీ తిరిగి ఇచ్చేయాలని చెప్పాడు.

"రూల్స్ అన్నీ నాకు కంఠతా వచ్చు. కాల్స్ కరెక్ట్‌గానే ఇస్తున్నాను. తప్పెక్కడో తెలియట్లేదు" అంటూ ఆయన అన్నం కెలుకుతూ కూర్చున్నారు. నాకేమో ఆ బ్యాడ్జీ పోతే ఈ మనిషి మళ్లీ ఆఫీసూ టీవీలకే పరిమితమైపోతారని భయం వేసింది.

మర్నాడు ఆదివారం ఆయనకి ఇంకో మ్యాచ్ ఉంది. ఆర్నెల్లు ఉందామని వచ్చిన మా అత్తగారు రాజేశ్వరమ్మగారిని వెంటబెట్టుకుని నేనూ వెళ్లాను. తప్పెక్కడుందో తెలియడానికి అయిదు నిమిషాలు చాలాయి.

ఒక పిల్ల ఇంకో పిల్లని తోసింది. ఆయన విజిల్ ఊదారు, అదీ ఎవరి నిద్రో చెడుతుందేమో అన్నట్టు. పరుగున వెళ్లి, తోసిన పిల్ల ముందు నడుం వంచి, "సారీ అమ్మా, ఐ హావ్ టు గివ్ ఫౌల్" అన్నారు. అంతటితో ఆగారా? గట్టు మీద నిలబడ్డ ఆ పిల్ల కోచ్ దగ్గరికి వెళ్లి "ఐ యామ్ వెరీ సారీ సార్" అన్నారు. కోచ్ పేరు హాంక్. ఆరడుగుల మనిషి, పదడుగుల గొంతు.

"సారీ ఎందుకు? తప్పుడు ఫౌల్ అని నీకే తెలుసన్నమాట! అయితే మార్చు!" అని అరిచాడు.

"నో సార్, ఫౌల్ కరెక్టే. సో సారీ" అన్నారు మా ఆయన.

నేను తల పట్టుకున్నాను. అత్తగారు మాత్రం మురిసిపోయారు. "చూశావా అమ్మాయ్, ఎంత మర్యాదగా చెబుతున్నాడో! చిన్నప్పుడు నేను నేర్పిందే. ఎదుటివాళ్లకి నచ్చని మాట చెప్పాల్సొస్తే ముందు 'ఏమనుకోకండి' అనాలిరా అనేదాన్ని."

అదీ సంగతి. మన దగ్గర ఏమనుకోకండి అంటే తప్పు చేశానని కాదు, మీ మీద గౌరవం ఉందని. ఈయన దాన్ని ఇంగ్లీషులో పెట్టి ఊరంతా పంచుతున్నారు. వినేవాళ్లకి అది నేరం ఒప్పుకున్నట్టు ఉంటోంది. నేరం ఒప్పుకుని కూడా శిక్ష వేస్తే ఎవరూరుకుంటారు?

ఇంటికి రాగానే అందుకున్నాను. "ఏవండీ, మీరు రిఫరీయా, మగపెళ్లివారి ముందు నిలబడ్డ పిల్ల తండ్రా? విజిల్ గట్టిగా ఊదండి. చెయ్యి చాపి చూపించండి. రెండు ముక్కలు చెప్పి పక్కకి తప్పుకోండి. ఇంకో సారీ వినపడిందా, ఇంట్లో గిన్నెలన్నీ మీవే!"

అత్తగారు కూడా నా వైపే మొగ్గారు. "ఒరేయ్ మోహనూ, నేను నేర్పింది ఇంటికి పనికొస్తుంది గానీ ఆ అరిచేవాడి దగ్గర పనికిరాదురా. ఆ కోచ్‌ని నేనవుతాను, నువ్వు రిఫరీవి. కానీయ్" అని లేచి, నడుముకి కొంగు బిగించి, అట్లకాడ పట్టుకుని హాల్లో నిలబడ్డారు.

"వాట్ రెఫరీ! కళ్లు కనపడవా నీకు? ఛేంజ్ ఇట్!"

"సారీ అమ్మా..."

"గిన్నెలు!" అని నేను.

సోమవారం, మంగళవారం గిన్నెలు ఆయనే తోమారు. బుధవారం ఆయన ఊదిన విజిల్‌కి కింది ఫ్లాట్ ఆవిడ చీపురుకర్రతో సీలింగ్ పొడిచింది. "వెళ్లి సారీ చెప్పి రానా?" అని భయంభయంగా అడిగారు. "అక్కడ చెప్పాల్సిందే, తప్పు మనదే కదా" అన్నాను. గురువారానికి వాళ్లమ్మ అట్లకాడ ఊపుతూ ఎంత అరిచినా, చెయ్యి చాపి, "ఫౌల్. రెడ్ టీమ్ బాల్" అని చెప్పి వంటింట్లోకి నడిచిపోయారు. ఆవిడకి కొడుకు మీద కోపం, గర్వం ఒకేసారి వచ్చాయి.

శనివారం మ్యాచ్ మళ్లీ హాంక్ జట్టుదే. నీలం చొక్కాలు వాళ్లవి, ఎరుపు ఎదుటివాళ్లవి. వాల్టర్ గట్టున అట్టకి కాగితాలు తగిలించుకుని నిలబడ్డాడు. మా ఆయన విజిల్ పార్కింగ్ లాట్ దాకా వినపడింది. హాంక్ రెండుసార్లు అరిచాడు. ఆయన చెయ్యి చూపించి పక్కకి తప్పుకున్నారు. అరవడానికి ఎదురుగా మనిషి లేక హాంక్ చల్లబడ్డాడు.

ఇంకో మూడు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా, స్కోరు ఒకటి ఒకటి. ఎర్రచొక్కా పిల్ల ఒకతె గోల్ కొట్టింది. బంతి వలలో పడ్డాక మా ఆయన విజిల్ ఊదారు. తోటి పిల్ల బంతి తన్నేటప్పటికే ఆ పిల్ల, గోల్‌కీపర్ తప్ప నీలం జట్టు వాళ్లందర్నీ దాటి ముందుకెళ్లి నిలబడింది, అది ఆఫ్‌సైడు, గోల్ చెల్లదన్నారు. పిల్ల ఏడుపు మొహం పెట్టింది. నీలం జట్టు వాళ్లు చప్పట్లు కొట్టారు.

అప్పుడు మా ముందే గీత దగ్గర జెండా పట్టుకున్న లైన్స్‌మన్ ఆయన్ని పిలిచాడు. అవతలి మూల నీలం పిల్ల ఒకతె బూటు లేసు కట్టుకుంటూ వెనకే, గోల్‌కి ఇంకా దగ్గరగా ఉండిపోయిందట. మా ఆయనకి కనపడలేదు. ఆ ఒక్కతె అక్కడుంటే చాలు, రూలు ప్రకారం గోల్ చెల్లినట్టే.

ఇప్పుడు మాట మారిస్తే హాంక్ ఊరుకోడు. మార్చకపోతే మాకూ ఆ లైన్స్‌మన్‌కీ తప్ప ఎవరికీ తెలియదు. వాల్టర్ అట్ట పట్టుకుని చూస్తున్నాడు. బ్యాడ్జీ మనకే ఉండాలి, ఏం మాట్లాడకండి అని మనసులో అనుకున్నాను. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆయన ఇద్దరు కోచ్‌లనీ పిలిచారు. అందరికీ వినపడేలా, "తప్పు నాది. నేను సరిగా చూడలేదు. గోల్ చెల్లుతుంది" అన్నారు. తర్వాత ఆ ఎర్రచొక్కా పిల్ల వైపు తిరిగి, "సారీ" అన్నారు. ఆ రోజు మొత్తానికి ఆయన చెప్పిన సారీ అదొక్కటే.

హాంక్ నోరు తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు.

ఆట అయ్యాక వాల్టర్ వచ్చి, "బ్యాడ్జీ నీ దగ్గరే ఉంచుకో. ఏప్రిల్‌లో కొత్త సీజన్‌కి మళ్లీ రావాలి నువ్వు" అని భుజం తట్టాడు. అత్తగారు ఇంగ్లీషు అంతగా రాకపోయినా విషయం గ్రహించి కళ్లొత్తుకున్నారు.

మేం కుర్చీలు మడుస్తుంటే హాంక్ వచ్చాడు. మళ్లీ గొడవేమోనని నేను నడుం బిగించాను. అతను టోపీ తీసి చేతిలో నలుపుతూ, "మా పిల్ల వెనకే ఉందని నాకు తెలుసు, కనపడింది. నేను నోరు మూసుకున్నాను. నువ్వు మూసుకోలేదు" అన్నాడు. ఆపైన, "ఈ సీజనంతా నిన్ను నానా మాటలూ అన్నాను. సారీ" అన్నాడు.

మా ఆయన బిత్తరపోయి నా వైపు చూశారు. వారమంతా ఇంట్లో ఎన్నో నేర్పాం గానీ, ఎదుటివాడు సారీ చెబితే ఏం చేయాలో మేం నేర్పలేదు. ఆ దేశంలో అడుగుపెట్టినప్పటినుంచీ ఆయనకి ఎవరూ సారీ చెప్పి ఉండరు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, రెండు చేతులతో హాంక్ చెయ్యి పట్టుకున్నారు. చాలాసేపు వదల్లేదు.