ఆదివారం మందు

మా అత్త బతికి ఉన్నన్నాళ్ళూ పంది కూరను వంటింట్లో వండనివ్వలేదు. తినవద్దని కాదు. మొదటి ముద్ద ఆమెదే. కానీ వండేది మాత్రం పెరట్లో, మూడు రాళ్ళ పొయ్యి మీద. దానికి వేరే గిన్నె, వేరే గంటె. ఆ గంటె కూడా గడప దాటకూడదు, గోడ మేకుకే వేలాడాలి. "కుండ లోపలికి రావద్దు, మాట బయటికి పోవద్దు" అనేది. ఆమె పోయి ముప్ఫై ఏళ్ళయింది. మొయినాబాద్‌లో మా పెంకుటిల్లు పోయి రెండంతస్తుల డాబా వచ్చింది, గ్యాస్ వచ్చింది, కుక్కర్ వచ్చింది. ఆ మూడు రాళ్ళు మాత్రం కదలలేదు.

పై అంతస్తును మా కొడుకు పరమేష్ కిరాయికి ఇచ్చాడు. రామలింగేశ్వరరావు గారు, ఆయన భార్య కామేశ్వరి. గోదావరి జిల్లా నుంచి హైదరాబాద్ వచ్చి పాతికేళ్ళు దాటిందట. మోకిలలో వాళ్ళబ్బాయి కట్టిస్తున్న ఇల్లు పూర్తయ్యేదాకా ఇక్కడ ఉంటామన్నారు. మా ఆయన హన్మయ్య పోయాక నాకు పొద్దు పోయేది కాదు. కామేశ్వరి వచ్చాక పొద్దు చాలడం లేదు. పదకొండింటికల్లా కూరగాయల గిన్నె పట్టుకుని దిగేది. ఆమె వంకాయలు తరుగుతుంటే నేను చిక్కుళ్ళు ఒలిచేదాన్ని. వాళ్ళ పెద్దమ్మ పెళ్ళి కబురు మొదలుపెడితే నాలుగు రోజులకు గానీ తాళి కట్టేదాకా వచ్చేది కాదు. అట్లాంటి మనిషి నాకు ఈ వయసులో దొరుకుతుందని నేను అనుకోలేదు.

ఆమె ఆదివారాలు కొడుకుతో మోకిలకు పోయేది, ఇంటి పని చూసి రావడానికి. మోకాళ్ళ నొప్పులని రావు గారు ఇంట్లోనే ఉండేవారు.

నేను పంది కూర వండేదీ ఆదివారాలే. చేవెళ్ల నుంచి యాదయ్య పొద్దున్నే తెచ్చి ఇస్తాడు. నూనె చుక్క అక్కరలేదు. ముక్కలు గిన్నెలో వేసి సన్న మంట పెడితే తన కొవ్వులో తనే వేగుతుంది. తోలు మెత్తబడి అంచులు ఎర్రబడ్డాక అల్లం, వెల్లుల్లి, మిరియాలు, కారం. ఆ జిడ్డులో జొన్నరొట్టె అద్దుకుని తింటే రొట్టె కూడా మాంసమే అనిపిస్తుంది.

ఒక ఆదివారం రావు గారు పెరటి మెట్ల మీద నిలబడి గాలి పీలుస్తున్నారు.

"ఏవిటండీ ముత్తమ్మగారూ, ఇంత కమ్మగా ఉంది?"

"పంది కూర సారూ. మీరు తినరు, పైకి పోండ్రి."

ఆయన పైకి పోలేదు. రెండు మెట్లు దిగారు.

"అది మొలలకి మంచిదంటారు కదండీ?"

"మీకున్నయా సారూ?"

"ఉన్నాయని కాదు. రాకుండా."

నేను పళ్ళ కింద నవ్వు నొక్కుకున్నాను. డెబ్భై ఏళ్ళ వయసు నాది. నాలుక అడిగింది కాబట్టి పంది తింటున్నానని చెప్పిన మొగవాణ్ణి ఇంతవరకు చూడలేదు. అందరికీ మొలలే. వాళ్ళ మాట నమ్మితే చేవెళ్ల తాలూకాలో కుర్చీలు అమ్మేవాడు ఎప్పుడో దివాలా తీయాలి.

నాలుగు ముక్కలు పెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని తిన్నారు. తిని, చేతులు రెండుసార్లు కడుక్కుని, "కామేశ్వరికి చెప్పకండేం. శనివారం ఒంటిపూట ఉండే మనిషి. ప్రమాణం చెయ్యండి" అన్నారు. సరే చెప్పనన్నాను. అదే నేను చేసిన తప్పు.

తరువాతి ఆదివారం మెట్ల మీద నుంచే పిలుపు. "ముత్తమ్మగారూ, మందు ఉందా?"

కూరకు ఆయన పెట్టుకున్న పేరు అది. యాదయ్యకూ ఆ పేరు నచ్చి, "అవ్వా, ఇయ్యాల మందు మంచిగున్నది, జర కొవ్వు తక్కువ" అనడం మొదలుపెట్టాడు. ఫార్మసీ చదువుతున్న నా మనవరాలు వర్షితకు మాత్రం ఒళ్ళు మండింది.

"మందా? ఏం మందు అవ్వా? మొలలకు కావాల్సింది నీళ్ళు, ఆకుకూరలు. పైనున్న తాతకు బీపీ ఉన్నది. నువ్వేమో కొవ్వు పెడుతున్నవ్."

"నాలుగు ముక్కలే బిడ్డా."

"సరిగ్గ ఉడకకుంటే కడుపుల నట్టలు పడ్తయ్, తెలుసా?"

"నా చేతుల ఉడకని పంది ఇంకా పుట్టలే, పో."

ఎదురింటి సాలోమోనుది ఇంకో గొడవ. కిరాణా కొట్టు నడుపుతాడు. పంది ముట్టడు. డెక్క చీలినా నెమరు వేయదు కాబట్టి అది అపవిత్రమని పాత నిబంధనలో ఉందట. వాళ్ళ తమ్ముడు సాముయేలు మాత్రం కొత్త నిబంధనలో అన్నీ తినవచ్చని ఉందంటాడు. ఆదివారం ప్రార్థన కాగానే పాత నిబంధన కొట్టు తెరుస్తుంది, కొత్త నిబంధన మా పెరట్లో పళ్ళెం ముందర కూర్చుంటుంది.

ఇట్లా నెల గడిచింది. ఒకనాడు రావు గారు బాల్కనీలో కూర్చుని ఫోన్లో ఎవరో స్నేహితుడితో అన్నారట: "ప్రతి ఆదివారం ముత్తమ్మగారు మందు పెడుతున్నారు. ఒక్క వారం లేకపోతే ఉండలేకపోతున్నానురా." వెనకాల బట్టలు ఆరేస్తున్న కామేశ్వరి చెవిన పడింది.

మన తెలుగులో మందు అంటే ఒకటా? జ్వరానికి వేసుకునేదీ మందే, సీసాలో తాగేదీ మందే. ఇక ఆడది మొగవాడికి మందు పెట్టిందంటే దాని అర్థం మీకు నేను చెప్పాలా?

కామేశ్వరి మొదట తాగుడే అనుకుందట. నేరుగా సాలోమోను కొట్టుకు పోయి అడిగింది. వాడు నిజమే చెప్పాడు. "అమ్మా, సారు నోట్ల మందు వాసన నేనెన్నడు చూడలే. ఆదివారమైతె అల్లం, వెల్లుల్లి వాసనొస్తది, గంతే." ఆ తరువాత నా దగ్గరికి వచ్చి గొప్పగా, "నేను అబద్ధమాడలే అవ్వా, నీ సంగతీ చెప్పలే" అన్నాడు. వాడు చేసిన మేలు ఏమిటంటే, తాగుడు అనుమానం కొట్టుకుపోయి మిగిలింది మూడో మందే.

మరునాడు పదకొండయింది, పన్నెండయింది, కామేశ్వరి దిగలేదు. నేను పంపిన చిక్కుడుకాయలు వెనక్కి వచ్చాయి. వర్షిత మంచినీళ్ళిస్తే వద్దందట. మూడో రోజు మెట్లకు నిమ్మకాయ, పచ్చి మిరపకాయలు వేలాడుతున్నాయి. నేను దిష్టికనుకున్నాను. మంచిదే, నాకూ ఒకటి కట్టమందామని కూడా అనుకున్నాను. ఎంత అమాయకురాలినో చూడండి.

శనివారం సాయంత్రం పరమేష్ వచ్చి, "అమ్మా, పైనోళ్ళు నెలాఖరుకు ఖాళీ చేస్తరంట. శంకర్‌పల్లిల ఇల్లు చూసిండ్రంట. ఏమైంది?" అన్నాడు.

కిరాయిదేముంది, ఇంకొకరు వస్తారు. వాళ్ళ పెద్దమ్మ చెల్లెలి కథ సగంలో ఉంది. దాన్ని నాకు ఎవరు చెబుతారు?

ఆదివారం ఆమె మోకిలకు పోలేదు. నేను పొయ్యి ముందర ఉండగా పెరట్లోకి వచ్చి, కొంగు నడుముకు దోపుకుని నిలబడింది. ముఖం ఎర్రగా ఉంది.

"ముత్తమ్మగారూ, మిమ్మల్ని తోబుట్టువు అనుకున్నాను. నిజం చెప్పండి. మా ఆయనకి ఏం పెడుతున్నారు?"

చెప్పనని ఆయనకు మాట ఇచ్చాను. చెప్పకపోతే ఈమె వెళ్ళిపోతుంది. నోటికి వచ్చింది ఒక్కటే మాట.

"మందు" అన్నాను.

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "అమ్మో, ఒప్పుకున్నారు కూడానూ! ఈ వయసులో మీకు ఇదేం బుద్ధండీ? ఆయనకి అరవై ఎనిమిది!"

అప్పుడు వెలిగింది నాకు, నిమ్మకాయ ఎవరి కోసమో. ఇక మాట తప్పినా పాపం లేదనుకున్నాను. ఆమె చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి గిన్నె మీద మూత తీశాను.

"ఇగో తల్లీ, గిదీ నేను పెట్టిన మందు. చూడు."

"ఏవిటిది?"

"పంది కూర."

"పందా?"

"పందే."

"మందు కాదా?"

"మీ సారుకు గది మందు. మొలలకంట."

ఆమె అక్కడే ఇటుకల మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. భుజాలు అదురుతుంటే చూస్తే నవ్వు. "పందేనా!" అంటుంది, నవ్వుతుంది, కళ్ళు తుడుచుకుంటుంది, మళ్ళీ "పందేనా!" అంటుంది. నవ్వు తీరాక గొంతు పెంచి పైకి కేక వేసింది.

"ఏవండీ! మీకు మొలలెక్కడివండీ?"

రావు గారు మెట్ల మీద అడుగులో అడుగు వేసుకుంటూ దిగారు. "రాకుండానే..."

"తిరుమలలో ముందు వరాహస్వామిని దర్శించి గానీ పెద్దస్వామి దగ్గరికి పోరు. పోయిన ఏడు ఇద్దరం దణ్ణం పెట్టుకున్నాం. ఆయన్నే తిన్నారా?"

ఆయన తల వంచుకున్నారు. నాకు జాలి వేసింది. ఊరుకోవాల్సింది, ఊరుకోలేదు.

"అమ్మా, చేప గూడ దేవుని అవతారమే గద? మీ గోదారోళ్ళు పులస కోసం పానమిస్తరని నువ్వే జెప్పినవ్."

కామేశ్వరి కొంగు బిగించుకుంది. "చేప వేరండి."

"ఎట్ల వేరు?"

"చేప... చేప నీళ్ళలో ఉంటుందండీ. రోజంతా స్నానమే కదా."

ఈసారి నవ్వు నాకు ఆగలేదు. రావు గారు కూడా నవ్వబోయి, ఆమె చూపు చూసి ఆపుకున్నారు.

తరువాత ఆమె మెల్లగా నాతో అంది. "ఆయన పంది తిన్నారని కాదు ముత్తమ్మగారూ. ఇన్నాళ్ళు రోజూ కలిసి కూర్చున్నాం, నాకు చెప్పలేదే అని."

"మాట తీసుకుండు తల్లీ."

"ఆయన మాట మీకు ఎక్కువైందా?"

"తప్పయింది" అన్నాను. ఆమె చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది, లాక్కోలేదు. "శంకర్‌పల్లి వాళ్ళకి రామని చెప్పెయ్యండి" అంది మొగుడితో. ఆయన ఫోన్ కోసం మోకాళ్ళ నొప్పులు మరచిపోయి రెండేసి మెట్లు ఎక్కారు.

దిగి వచ్చి పళ్ళెం కోసం చూస్తుంటే ఆమె అడ్డం పడింది.

"మీకు ఈ వారం మెంతులు. మొలలకి అవి ఇంకా మంచివి. ఇకనుంచి నెలకి ఒక్కసారి, వర్షిత ఎంతంటే అంత. తిన్నాక స్నానం చేసి పైకి రండి. ఆ పళ్ళెం మా మెట్టు ఎక్కకూడదు."

నేను గిన్నె దించబోయాను. ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి తొంగి చూసింది.

"దించుతున్నారేంటి? సరిగా ఉడక్కపోతే పురుగులుంటాయంటగా. సాముయేలు తింటాడు కదా, పిల్లలున్నవాడు. ఇంకో అరగంట ఉంచండి."

"ఎప్పుడో ఉడికింది తల్లీ!"

"ఉంచండి, నేను చూస్తాను."

గాలి ఎదురు రాని పక్కకు పీట జరుపుకుని కూర్చుంది. ఫోన్లో అరగంటకు అలారం పెట్టుకుంది. కూర అడుగంటుతుందని నాకు తెలుసు, మంట మాత్రం ఆర్పలేదు. ఆమె వాళ్ళ పెద్దమ్మ చెల్లెలి కథ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి అందుకుంది. ముక్కు మూసుకుని చెబుతోంది కాబట్టి నాకు సగమే అర్థమైంది. అన్నింటికీ ఊ కొడుతూ కూర్చున్నాను.