ఆషాఢం ఆఫర్

"దసరాకు సూద్దాంతియ్ రాజశ్రీ, ఇప్పుడేం తొందర?" అని మా ఆయన మహిపాల్ ఫోన్లో అన్నప్పుడు నేను నాచారంలో మా అమ్మవాళ్ళింట్లో కూర్చుని గోరుచిక్కుడుకాయలు తుంచుతున్నాను. ఆషాఢం కదా. పెళ్ళైన మొదటి ఏడాది ఆషాఢంలో అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదట. ప్రపంచంలో ఏ ప్రభుత్వమూ ఇంత గొప్ప సెలవు చట్టం చేయలేదని నా అభిప్రాయం. నెల రోజులపాటు ఉప్పల్‌లోని అత్తగారిల్లు నాకు నిషేధిత ప్రాంతం. అక్కడి గిన్నెలు నా కోసం బెంగ పెట్టుకున్నాయో లేదో తెలియదు కానీ, నేను మాత్రం కాస్త ఒళ్ళు చేశాను.

"ధర ఇంకా పడ్తది. కొత్త మోడల్ గూడ వస్తదంట. అయినా ఇంట్ల ఒకటున్నది గద!"

ఇంట్లో ఒకటి ఉన్న మాట నిజమే. పెళ్ళికి ముందు నా జీతంతో నేను కొనుక్కున్న ల్యాప్‌టాప్ అది. పెళ్ళిచీరల మధ్య పెట్టుకుని భద్రంగా ఉప్పల్ తీసుకెళ్ళాను. వారం తిరక్కుండానే నాతోపాటు దానికీ ఇంటిపేరు మారింది. 'మన ఇంటి ల్యాప్‌టాప్' అయిపోయింది. పొద్దున్నే మా మామయ్య సాంబయ్య గారు అందులో రాశిఫలాలు చూస్తారు. తర్వాత మరిది సాయి కుమార్ దాని మీద శత్రుదేశాలతో యుద్ధం చేస్తాడు. ఒక యుద్ధంలో ఎంటర్ బటన్ వీరమరణం పొందింది. సాయంత్రం మహిపాల్ ఆఫీసు లెక్కలు. వంట, గిన్నెలు, ఆరిన బట్టల మడతలు అన్నీ అయ్యి నా వంతు వచ్చేసరికి అది నాకంటే ఎక్కువ అలసిపోయి, హెలికాప్టర్‌లా మోత పెడుతూ ఒక్క గోడ గీయడానికి ఎంతోసేపు తీసుకుంటుంది. ఆ లోపల మేస్త్రీ నిజం ఇటుకలతో నిజం గోడే కట్టేసి చాయ్ తాగడానికి వెళ్ళగలడు.

నేను ఇళ్ళ ప్లాన్లు గీస్తాను. పీర్జాదిగూడ, చెంగిచెర్లలో లేస్తున్న ఇళ్ళు కొన్ని నా గీతలే. "నాలుగు గీతలు గీసుడే గద, గదానికి కొత్తది గావాల్నా?" అంటాడు మహిపాల్. ఆ నాలుగు గీతల కోసం వచ్చేవాళ్ళు కారుకు చోటడుగుతారు, చెప్పుల స్టాండుకు చోటడుగుతారు, టీవీకి ఒక గోడ మొత్తం రాసిచ్చేస్తారు. ఇంటావిడ కూర్చోవడానికి ఒక మూల కావాలని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. ఒకాయన కుక్కకు కిటికీ ఉన్న గది వేయించుకున్నాడు. వంటగదికి కిటికీ మాత్రం దండగన్నాడు. నేను పొరపాటున పెట్టినట్టు పెట్టేశాను. ఇల్లు కట్టేశారు కూడా. ఆ ఇంటావిడెవరో నాకు తెలియదు, గాలి మాత్రం వస్తుంటుంది.

ఇంతకీ నా తొందరేమిటంటే, ఏఎస్ రావు నగర్‌లో ఆఫీసున్న ఆర్కిటెక్ట్ తారామణి మేడం నాకు ఉద్యోగం ఇస్తానన్నారు. సోమవారం నుంచే. ఇంట్లో కూర్చుని చేసే పని, డ్రాయింగు కింద నా పేరు. ఒక్కటే షరతు, సొంత ల్యాప్‌టాప్ ఉండాలి. "ఇంట్లో అందరిదీ కాదమ్మా, నీది" అని ఆవిడ మరీ చెప్పారు. లేకపోతే ఆ పని ఇంకో అమ్మాయికి. ఉప్పల్‌లో ఒక దుకాణంవాళ్ళ ఆషాఢం ఆఫర్ ఇవాళే ఆఖరు. ఇదంతా చెబితే మహిపాల్ క్షణం ఆలోచించి అన్నాడు: "గా మేడంనే దసరా దాకా ఆగుమను."

నేను గోరుచిక్కుడుకాయలు అమ్మ ఒళ్ళో పెట్టి లేచాను.

"అల్లున్ని ఒక మాట అడిగినవా?" అంది అమ్మ.

"అడిగిన. ఆయన సెప్పింది మొత్తం ఇన్న" అన్నాను. వింటానని చెప్పలేదు, విన్నానని చెప్పాను.

ఉప్పల్ దుకాణంలో నరేందర్ అనే సేల్స్ అబ్బాయి కొత్త ల్యాప్‌టాప్ మూత తెరిచాడు. నా ప్లాన్ ఒకటి అందులో వేసి చూశాను. గోడ అనుకున్నానో లేదో గోడ వచ్చేసింది. మెట్లు గిర్రున తిరిగాయి. నా గుండె దుకాణం అంతా వినబడేలా కొట్టుకుంది. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత దడ రాలేదు. అప్పుడు నచ్చకపోతే వారంలో వాపస్ అని ఎవరూ అనలేదు, ఇక్కడ నరేందర్ అంటున్నాడు. ఉత్సాహం ఆపుకోలేక ఫొటో తీసి మహిపాల్‌కు పంపాను. అదొక తెలివితక్కువ పని.

కార్డు చేతిలో పట్టుకుని, నిజంగానే ధర ఇంకా పడుతుందేమో అని చివరిసారి గింజుకుంటూ తలెత్తేసరికి తలుపు బయట మా అత్తమ్మ వెంకటనర్సమ్మ. వాళ్ళిల్లు రెండు గల్లీల అవతలే. కొడుకు ఫోన్ చేసి తరిమినట్టున్నాడు, జాకెట్టుకు గుచ్చిన సూది కూడా తీయకుండా వచ్చింది. కాలనీ అందరి చీరలకూ ఆమె చేత్తోనే ఫాల్ కుడుతుంది.

లోపలికి కాలు పెట్టబోయి, నన్ను చూసి, కరెంటు కొట్టినట్టు వెనక్కి తీసుకుంది.

"రా అత్తమ్మా లోపలికి" అన్నాను, మర్యాదకు.

"ఎట్లొస్తనే? ఆషాఢం. గడపంటే గడపనే. ఇంటిదైతేంది, దుకాణందైతేంది!"

నరేందర్ కిందికి చూశాడు. "అమ్మా, ఇది గడప గాదు, స్టీలు పట్టీ."

"నీకు పెండ్లయిందా బిడ్డా?"

"కాలే."

"ఊకో మరి."

అంతలో ఆమె ఫోన్ మోగింది. మహిపాల్ గొంతు రోడ్డు మీదికి వినబడుతోంది. "అమ్మా, ఆపినవా?"

"ఎట్ల ఆపాల్రా? అది లోపట, నేను బయట. గడప దాటితే నీకే మంచిది గాదు."

"బయటికి పిలువు!"

"పిలుస్తనే ఉన్న. అద్దాలు మూసున్నయి, దానికి ఇనపడ్తలేదు."

తలుపు బార్లా తెరిచి ఉంది. నేను చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాను. ఆమె ఫోన్ కట్ చేసి నా వైపు తిరిగింది.

"ఎంతసేపు సూస్తవే దాన్ని? కొంటవా, కొనవా?"

"దసరా దాకా ఆగమంటున్నడు అత్తమ్మా."

ఆమె జాకెట్టు సూది తీసి, చూసి, మళ్ళీ గుచ్చుకుంది.

"నేను కుట్టు మిషన్ కొంటనంటే మీ మామ గూడ దసరాకన్నడు. గప్పుడు మహిపాల్ నా కడుపుల ఉండె. ఏ దసరానో నేనడగలే."

నేను కార్డు నరేందర్ చేతిలో పెట్టాను.

పెట్టె గుండెకు హత్తుకుని బయటికి వచ్చాను. రోడ్డుకు గడప లేదు కాబట్టి అత్తమ్మ దగ్గరికొచ్చి అట్టపెట్టెను అటూ ఇటూ తడిమి చూసింది. తర్వాత ఆమె చూపు ఎదురుగా ఉన్న కుట్టు మిషన్ల దుకాణం మీద ఆగింది. ఆగిపోయింది.

"గాడ గూడ ఆషాఢం ఆఫరున్నట్టున్నది?"

"ఉన్నది అత్తమ్మా."

"నువ్వు రాకు. గడప" అని, బొడ్లోంచి ఫాల్ కుట్టిన పైసల చిన్న సంచి తీసి గుప్పిట్లో పట్టుకుని రోడ్డు దాటింది. నేను వెనకే వెళ్ళి బుద్ధిగా ఆ దుకాణం బయట నిలబడ్డాను. లోపల ఆమె ఒక మిషన్ ముందు కూర్చుని, చెప్పు విప్పి, తొక్కే పలక మీద పాదం పెట్టింది. చక్రం తిరిగింది. ఆమె నవ్వింది. ఆమెకు అన్ని పళ్ళున్నాయని నాకు అప్పుడే తెలిసింది.

నా ఫోన్ మోగింది.

"రాజశ్రీ, అమ్మ ఫోన్ ఎత్తుతలేదు. ఏడున్నది? ఆమె గూడ ఏమన్న కొంటున్నదా ఏంది? జర ఆపు!"

"ఎట్ల ఆపాలె?" అన్నాను. "ఆమె లోపట, నేను బయట. ఆషాఢం గద."