ఆంబ్రోస్ కుట్టిన తొడుగులు

కోంబెర్లీ పట్టణంలో గౌరవనీయులెవరైనా కన్నుమూస్తే చర్చి గంటలు రెండు గొంతులతో మోగుతాయి. గంట నాలుకకు ఒకవైపున తోలు తొడుగు బిగిస్తారు. అందువలన ఒక దెబ్బ కంచు కంఠంతో స్పష్టంగా వినిపిస్తుంది. మరుదెబ్బ కొండ అవతలి నుంచి ఎవరో బదులు పలికినట్లు మెత్తగా వస్తుంది. మొదటిది బ్రతికివున్నవారి పిలుపు, రెండవది పోయినవారి మారుపలుకు అని అక్కడి వృద్ధులు చెప్పుకుంటారు.

ఆ శనివారం ఉదయం గంటలు అలా మొదలైనప్పుడు హెస్టర్ లవరింగ్ వంటింట్లో రొట్టె కోస్తున్నది. ఎనభైనాలుగేళ్ల ఆమె చేతిలో కత్తి సగం రొట్టెలోనే ఆగిపోయింది. ఆ మోత ఎవరికోసమో ఆమెకు తెలుసు. విశ్రాంత పోలీసు సార్జెంటు విల్‌ఫ్రెడ్ హాకిన్ కోసం. చర్చి ధర్మకర్తగా పనిచేసినవాడు, గులాబీల పోటీలో ఏటేటా బహుమతి అందుకున్నవాడు. ఆ మెత్తని దెబ్బకు కారణమైన తొడుగులను కుట్టినదెవరో కూడా ఆమెకు తెలుసు. ఆమె అన్న ఆంబ్రోస్. అరవయ్యేళ్ల క్రితం ఆ అన్నకు సంకెళ్లు వేసి అంగడి వీధి పొడవునా నడిపించినవాడు ఆ హాకినే. అప్పటికతడు మీసమైనా సరిగా రాని కానిస్టేబులు.

ఆంబ్రోస్ చేసిన నేరమేమి? దొంగతనము కాదు, ద్రోహము కాదు. గుర్రపు జీనులు కుట్టుకొనే ఆ మనిషి మరొక పురుషుని ప్రేమించాడు. పొరుగూరి బడిపంతులూ అతడూ, సొంత దుకాణం మేడ మీద, తలుపు మూసుకొని, ఎవరి జోలికీ పోకుండా బ్రతికారు. ఆనాటి చట్టం ఆ తలుపు పగలగొట్టింది. ఇద్దరూ చెరసాలకు పోయారు. పంతులు తిరిగి రాలేదు, ఏ దేశం పట్టిపోయాడో ఎవరికీ తెలియదు. ఆంబ్రోస్ తిరిగివచ్చాడు. వచ్చేసరికి గంటగోపురంలో గోడకున్న చెక్కపలక మీద అతని పేరును నల్లరంగుతో చెరిపేశారు. ఆరు గంటలను అతనితో సహా ఆరుగురు కలిసి తప్పులేకుండా మూడు గంటలపాటు మోగించిన సందర్భానికి గుర్తుగా వ్రాయించిన పలక అది. నేటికీ దాని మీద ఆరు గంటలు, అయిదు పేర్లు, ఒక నల్లని పట్టీ ఉన్నాయి.

ఇక్కడ గమనించవలసినది ఇంకొకటి ఉన్నది. అతన్ని మళ్లీ గంట తాడు పట్టనివ్వని ఆ ఊరివారే, తొడుగులు అరిగిపోయినప్పుడు వాటిని సంచిలో వేసి చీకటి పడే వేళ ఆంబ్రోస్ పెరటి గుమ్మానికి పంపేవారు. అతడు మౌనంగా కుట్టి ఇచ్చేవాడు.

"ఎందుకన్నా వీళ్లకి చేసిపెడతావు? సంచి తీసి వాళ్ల మొహాన కొట్టరాదూ?" అని హెస్టర్ మండిపడేది.

"చచ్చినవాళ్లకి నా మీద కోపం లేదులే హెస్టర్. వాళ్ల కోసం కుడుతున్నా" అనేవాడు నవ్వుతూ.

ఆ మనిషి పోయినప్పుడు గోపురం పలకలేదు. ఊరందరి మరణాలకూ మెత్తదనాన్ని కుట్టి ఇచ్చినవాడు నిశ్శబ్దంలో మట్టిలో కలిసిపోయాడు.

హాకిన్ పోయిన ఏడాది తొలి మాసంలోనే పాత చట్టం కింద శిక్షపడిన వేలాదిమందికి, మరణించిన వారితో సహా, క్షమ ప్రసాదించినట్లు రేడియో ప్రకటించింది. హెస్టర్ ఆ రోజున ఎండిన కళ్లతో కూర్చుండిపోయింది. ఎవరినీ ఏమీ అడగలేదు. హాకిన్ కోసం గంటలు మోగిన శనివారం మాత్రం ఆమె రొట్టెను అక్కడే వదిలి, టోపీ పెట్టుకొని, కర్ర పట్టుకొని బయలుదేరింది. ఆమె కోరిక ఒక్కటే. నవంబరులో వచ్చే ఆంబ్రోస్ వర్ధంతికి, అతని పేరు చెప్పి, ఆ గంటలు మోగాలి.

చర్చి పురోహితుడు ఆబ్రీ ఫించ్ సౌమ్యుడు. ఎంత సౌమ్యుడంటే, అవునన్నా కాదన్నా ఆయన నోట ఒకేలా వినిపించేది. "తప్పకుండా ఆలోచించాలి మిస్ లవరింగ్. కానీ ఇది చర్చి సంఘం తేల్చాలండీ" అన్నాడు. సంఘాధ్యక్షుడు డెస్మండ్ రడ్జ్, "మాకేం అభ్యంతరం లేదండీ. మీ అన్నగారికి క్షమ వచ్చినట్టు ఏదైనా ఆధారం తెండి, చాలు" అన్నాడు. హెస్టర్ రాజధానిలోని ప్రభుత్వ కార్యాలయానికి ఫోను చేసింది. చాలాసేపు సంగీతం వినిపించిన తరువాత ఒక యువతి పలికింది.

"చనిపోయినవాళ్లకి పత్రం ఇవ్వమండీ. అందరికీ కలిపి చట్టమే ఇచ్చేసింది."

"మరి మా అన్నకి వచ్చిందని నాకెలా తెలుస్తుందమ్మా?"

"వచ్చేసే ఉంటుందండీ."

"ఆయన పేరు ఎక్కడైనా ఉంటుందా?"

"పేర్లుండవండీ."

"శిక్ష వేసినప్పుడు పేరు పెట్టి పిలిచారు తల్లీ. పేపర్లో ఇంటి నంబరుతో సహా వేశారు. క్షమించేటప్పటికి పేరు మర్చిపోయారా?"

 పాపం, ఆ యువతి పుట్టేనాటికే ఆంబ్రోస్ సమాధి మీద నాచు పట్టింది. "ఇంకేమైనా సహాయం కావాలాండీ?" అని మర్యాదగా అడిగింది. హెస్టర్ ఫోను పెట్టేసింది.

పాఠక మహాశయులారా, అన్యాయం ఎల్లవేళలా పళ్లు కొరుకుతూ రాదు. తరచుగా అది తేనీటి కప్పు చేతపట్టుకొని, చిరునవ్వుతో, "వచ్చే సమావేశంలో చూద్దాం" అంటుంది. పళ్లు కొరికే దానిని ఎదిరించవచ్చును. ఈ రెండవదానితో వేగలేక మనిషి సగమైపోతాడు.

వేసవి గడిచింది, ఆకులు రాలాయి. ఎట్టకేలకు అక్టోబరులో సంఘం సమావేశమైంది. గంటలు మోగించేవారికి నాయకురాలైన గ్వెన్ ట్రెగియర్ హెస్టర్‌ను చేయి పట్టుకొని తీసుకువచ్చింది. గ్వెన్ పగలు బస్సు నడుపుతుంది, గొంతు గోపురమంత పెద్దది.

రడ్జ్ గొంతు సవరించుకున్నాడు. "మేమందరం బాగా ఆలోచించాం. దేశంలో క్షమ పొందినవాళ్లందరి కోసం ఒకరోజు గంటలు మోగిద్దాం. పేర్లు మాత్రం వద్దు. ఎవరి మనసూ నొప్పించకూడదు కదా. ఇక పలకంటారా, పురాతన వస్తువు. దాన్ని ముట్టుకోవాలంటే పైవాళ్ల అనుమతి కావాలి."

"నల్లరంగు పూసినప్పుడు ఏ పైవాడి అనుమతి తీసుకున్నారయ్యా?" అన్నది గ్వెన్. "ఆరు గంటలూ అయిదు పేర్లూ! కొత్తగా నేర్చుకోడానికి వచ్చినవాళ్లు అడుగుతారు, ఆరో గంట దయ్యం మోగించిందా అని. ఏం చెప్పమంటారు?"

"గ్వెన్, ఇది బస్సు కాదు, అలా హారన్ కొట్టకు" అన్నాడు రడ్జ్. ఒకరిద్దరు నవ్వారు.

హెస్టర్ లేచి నిలబడింది. "డెస్మండ్, నీ మొదటి బడిసంచి కుట్టింది మా అన్న. గుర్తుందా?"

"గుర్తుంది మిస్ లవరింగ్."

"హాకిన్ పోయినప్పుడు దేశంలో పోలీసులందరికీ కలిపి మోగించారా, ఆయన ఒక్కడికే మోగించారా?"

రడ్జ్ తేనీటి కప్పులోకి చూశాడు.

"గ్వెన్, ఆ తొడుగులు పట్రా అమ్మా. అవి మా అన్నవి. పెరటి గుమ్మంలోంచి వచ్చాయి, పెరటి గుమ్మంలోంచే పోయాయి. ఎవరూ కొనలేదు. నేను ఇంటికి తీసుకుపోతాను."

గ్వెన్ గోపురం ఎక్కి సంచి తెచ్చింది. బల్ల మీద బోర్లించి, ఒక తొడుగును లోపలివైపుకు తిప్పి అందరికీ చూపింది. పనివాడు తన పనితనానికి వేసుకొనే ముద్ర తోలులో లోతుగా దిగి ఉన్నది. ఎ. లవరింగ్, కోంబెర్లీ. ఆరు తొడుగులలోనూ అదే ముద్ర.

"గోపురంలో ఈయన పేరు వద్దన్నారుగా," అన్నది గ్వెన్, ఈసారి నెమ్మదిగా. "ఇన్నేళ్లూ మీ అమ్మానాన్నలకి మోగిన ప్రతి గంటా ఈ పేరు మీదే పడి మెత్తబడింది రడ్జ్ గారూ."

బల్ల చుట్టూ తలలు వంగాయి. అయినా తీర్మానం మారలేదు. అదే విచిత్రం. మనుషులు సిగ్గుపడగలరు, సిగ్గుపడుతూనే చేతులెత్తి ఓటు వేయగలరు. హెస్టర్ సంచి భుజాన వేసుకొని ఇంటికి వెళ్లిపోయింది.

తరువాతి వారంలో పాలకేంద్రం యజమాని భార్య మరణించింది. ఆ సాయంత్రం హెస్టర్ పెరటి గుమ్మం మీద ఎవరో మెల్లగా తట్టారు. కిటికీలోంచి చూస్తే పురోహితుడు ఫించ్.

"మిస్ లవరింగ్, ఒక్కరోజుకి ఆ తొడుగులు..."

"ఈ గుమ్మం మూసేశానండీ. చాలామంది వచ్చిన గుమ్మం ఇది. పని ఉంటే వీధి గుమ్మానికి రండి."

 ఫించ్ సందు చుట్టి వచ్చి, దుకాణాలు ఇంకా తెరిచి ఉన్న అంగడి వీధిలో, పదిమంది చూస్తుండగా, టోపీ చేతిలో పట్టుకొని ముందు గుమ్మం తట్టాడు. హెస్టర్ తలుపు తీసింది, లోపలికి మాత్రం రమ్మనలేదు.

"చట్టం మీ అన్నగారిని క్షమించిందని నేను సంతోషించాను. అంతటితో నా పని అయిపోయిందనుకున్నాను" అన్నాడు ఫించ్. ఆయన గొంతులో మొదటిసారి ఒక అర్థమే వినిపించింది. "సంఘం ఏమనుకుంటుందో నాకు తెలియదు. నా మటుకు నేను అడుగుతున్నాను. మమ్మల్ని క్షమిస్తారా?"

"నన్నడిగి ఏం లాభం? అడగాల్సినవాడు మీ చర్చి పెరట్లోనే ఉన్నాడు. ఆయన పేరు పెట్టి, పదిమంది వినేలా అడగండి." సంచి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఆ పాలావిడ మంచిది. ఆమెకు మోగించండి. మా అన్నా కాదనేవాడు కాడు. కానీ నవంబరు కూడా గుర్తుంచుకోండి."

ఆయన గుర్తుంచుకున్నాడు. వర్ధంతి ఆదివారం నాడు ప్రసంగవేదిక మీద నిలబడి, సంఘం తీర్మానాన్ని ప్రక్కనబెట్టి, ఇలా అన్నాడు: "కాపరి తన మందను మొత్తంగా పిలవడు, ఒక్కొక్క గొర్రెను పేరు పెట్టి పిలుస్తాడు. ఆంబ్రోస్ లవరింగ్, నీ విషయంలో తప్పు చేసినది మేము. మమ్మల్ని క్షమించు." రడ్జ్ లేచి బయటికి నడిచాడు. అతని వెనుక మరి రెండు వరుసలు ఖాళీ అయ్యాయి. తలుపు చప్పుడు గోడలకు తగిలి ఆగిన తరువాత గంటలు మొదలయ్యాయి. స్పష్టంగా ఒక దెబ్బ, మెత్తగా ఒక బదులు.

హెస్టర్ సమాధి దగ్గర కర్ర మీద చేతులాన్చి చివరి దెబ్బ వరకూ నిలబడింది. గ్వెన్ చెమటలు తుడుచుకుంటూ గోపురం దిగి వచ్చింది.

"ఇప్పటికైనా మనసు కుదుటపడిందా హెస్టరాంటీ?"

"లేదమ్మాయీ. పైన ఆ నల్లపట్టీ ఇంకా అలాగే ఉంది. ఆ పంతులు ఎక్కడ పోయాడో, ఆయన కోసం ఏ ఊళ్లో గంట మోగాలో ఎవరికీ తెలీదు." హెస్టర్ సమాధి మీది తడి ఆకును కర్రతో తొలగించింది. "ఒక్కటి మాత్రం రేపు నీ దగ్గర నేర్చుకునేవాళ్లకి చెప్పు. తప్పు చేయనివాణ్ణి క్షమించామని చెప్పేవాడు ఇంకా న్యాయపీఠం మీదే కూర్చున్నట్టు. కిందికి దిగి వచ్చి, ఆ మనిషిని పేరు పెట్టి పిలిచి, క్షమించమని అడిగిన రోజే అది న్యాయం."