సౌండ్ లేని పాఠం

పాఠం ఇంట్లో వినాలి, లెక్కలు బళ్లో చేయాలి. దీన్నే ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ అంటారట. ట్రైనింగులో వింటున్నప్పుడు భలే ఉందే అనుకున్నాను. నా మొహం! మా బడి పిల్లలు ఈ గుజరాతీ పట్నంలో, లింబాయత్ సందుల్లో ఒక్క గది ఇళ్లలో ఉంటారు. తెలుగు ఊళ్ల నుంచి వలసొచ్చిన తండ్రులకు మగ్గాల కార్ఖానాల్లో పని. ఇంటికంతా ఒకటే ఫోను. వీళ్లకిది ఎలా కుదురుతుందని అక్కడ ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు నెత్తిమీదికి వచ్చింది. ఇవాళ ఇన్‌స్పెక్టరు వచ్చి మా ఆరో తరగతి చూస్తాడు. కొత్త పద్ధతి నచ్చితే వచ్చే ఏడు కూడా తెలుగు మీడియం ఉంటుంది. నచ్చకపోతే పిల్లల్ని హిందీ మీడియంలో కలిపేస్తారు. నేనేమో పాఠం వీడియో తీసి తండ్రుల ఫోన్లకు పంపి కూర్చున్నాను. గ్రూపులో అందరూ చూసినట్టే ఉంది. చూసింది తండ్రులా, పిల్లలా? ఏమో!

ఇన్‌స్పెక్టరు గుజరాతీ ఆయన, తెలుగు రాదు. వెనక బెంచీ మీద కూర్చుని, "మొదలుపెట్టండి సంధ్యారాణీజీ" అన్నాడు హిందీలో. నేను బోర్డు మీద 1/2 + 1/3 అని రాసి, పలకల మీద చేయమన్నాను. పిల్లలు టకటకా చేసి పలకలు ఎత్తారు.

అందరివీ 2/5.

తెలుగు రాకపోతేనేం, ఆయనకు అంకెలు వచ్చు కదా!

"ఏమే హారతీ, వీడియో చూడలేదా?" కోపం ఆపుకోలేకపోయాను.

"చూసిన మేడం! మీరే గట్ల రాసిండ్రు. సుట్టూత డబ్బా గూడ గీసిండ్రు."

అవును, రాశాను. వీడియో చివర ఒక ప్రశ్న వదలాలని ట్రైనింగులో చెప్పారు. అందుకే ఆ తప్పు లెక్క రాసి, "ఇది తప్పు, ఎందుకో ఆలోచించి రండి" అన్నాను. నోటితో అన్నాను.

"తప్పని చెప్పాను కదే, వినలేదా?"

"సౌండ్ బంద్ పెట్టి చూసినం మేడం. మా బాపు నైట్ డ్యూటీ చేసొచ్చి పండుకుంటడు. గప్పుడే ఫోన్ దొరుకుతది."

"మా ఇంట్ల గూడ గంతే," అంది పక్కనున్న సంతోషి. తతిమ్మా వాళ్లూ తలలూపారు.

నా మీద నాకే ఒళ్లు మండింది. పాపం, ఒక్కరు కూడా మానకుండా చూశారు.

"తప్పంటే చెయ్యి గిట్ల అడ్డం ఊపాలె మేడం," హారతి చేసి చూపించింది. "మగ్గాల చప్పుడుల మా బాపోళ్లు గట్లనే చెప్పుకుంటరు. జర మల్ల చెప్పుండ్రి, మాట్లాడకుంట. ఇంట్ల చూసుకుంటం."

ఇక పోయేదేముంది! ఫోను బల్ల మీద నిలబెట్టి రికార్డు పెట్టాను. 2/5 మీద చెయ్యి అడ్డంగా ఊపాను. కాగితం పట్టీని ఆరు మడతలు పెట్టాను. సగమంటే మూడు మడతలు, మూడో వంతంటే రెండు. రంగు పూసి చూపించాను. ఆరింటిలో మొత్తం ఐదు. నోరు మెదపలేదు. పలకలు మళ్లీ లేచాయి. అన్నీ 5/6!

ఇన్‌స్పెక్టరు చప్పట్లు కొట్టాడు. హమ్మయ్య అనుకునేలోగా నవ్వుతూ, మాటే లేకుండా పాఠం అయిపోయింది కదా, ఇక వీళ్లకు హిందీ మీడియం అయితే ఏం కష్టం అన్నాడు.

కొంప నా చేతులతో నేనే ముంచుకున్నానా?

హారతి చెయ్యెత్తింది. "మేడం, పైన అంకెలు కలుపుతున్నం గదా? మరి కింద అంకెలు ఎందుకు కలపద్దు?"

"ఔ మేడం, ఎందుకు?" సంతోషీ అందుకుంది. క్లాసంతా గోల మొదలైంది.

"ఏమడుగుతున్నారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఎందుకు అని అడుగుతున్నారు సార్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "చేతులతో ఎలా చేయాలో చూపించాను. ఎందుకో చెప్పాలంటే వాళ్ల మాట కావాలి."

నేను పిల్లల వైపు తిరిగి, తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను.