మాట జారితే మెడలో బిళ్ళ

మా ఆయనకు తాగుడు లేదు, పేకాట లేదు, పరాయి ఆడవాళ్ళ ఊసు లేదు. ఉన్నా బాగుండేది; సాయంత్రాలైనా ఇల్లు వదిలేవారు. హెడ్మాస్టరుగా రిటైరయ్యాక ఆయనకు మిగిలిన విద్యార్థులం నేనూ, మా అమ్మాయి నబ్బోసా మాత్రమే.

నబ్బోసా ఇంగ్లీషు టీచరు శిక్షణలో ఉంది. మసాకా దగ్గర మా ఊరి బడిలో అయిదో తరగతికి ఒక టర్మ్ పాఠాలు చెప్పాలి. చివర్లో కాలేజీ నుంచి ఒకావిడ వచ్చి, ఒక పాఠం చూసి మార్కులు వేస్తారు. తప్పితే ఏడాదంతా మళ్ళీ మొదటికి.

ఆ సంగతి వినగానే మా ఆయన పనసచెక్కతో అరచేతంత బిళ్ళ చెక్కి, తాడు కట్టారు. ఇంట్లో ఎవరి నోటి నుంచి మా సొంత భాష లుగాండాలో మాట జారినా అది వాళ్ళ మెడలో పడుతుంది. ఇంకొకరు జారేదాకా దిగదు. ఆయన చిన్నప్పుడు బడిలో అలాగే నేర్పారట.

"భయం ఉంటేనే భాష వస్తుంది," అన్నారు.

"మరి ముప్పై ఏళ్ళుగా ఏ భయమూ లేకుండానే నాకిన్ని మాటలెలా వస్తున్నాయి?" అన్నాను, లుగాండాలో. బిళ్ళ నా మెడలో పడింది.

కావాలనే అన్నాను. డిగ్రీలో ఇంగ్లీషులో నాకు ఆయనకంటే ఎక్కువ మార్కులు. ఆ సంగతి మేమిద్దరం ఎత్తుకోం. నా మెడలో ఉంటే పిల్ల మెడ ఖాళీగా ఉంటుందనుకున్నాను. అయినా దాని నోరు మూతపడింది. అరటికాయ ఉడికిందా అని అడగడానికి బదులు గిన్నె మూత ఎత్తి చూపేది. కిటికీలన్నీ తెరిచే ఉండేవి, ఇంట్లో మాత్రం గాలాడేది కాదు.

"బడిలో నయమా?" అని ఒకరోజు దాని చెవిలో అడిగాను.

"అక్కడా నాన్న ఈ బిళ్ళే పెట్టించారమ్మా. ఇప్పటి హెడ్మాస్టరు గారు నాన్న శిష్యుడేగా, కాదనలేదు. నేను వద్దంటే నాన్న వినలేదు."

పరీక్ష గురువారం వచ్చింది. వచ్చినావిడ పేరు అకెల్లో. ఆవిడ భోజనం మా వంతు. అరటాకులో మూటకట్టి ఆవిరి మీద ఉడికించిన కోడికూర పట్టుకెళ్ళాను. మా ఆయన సూటు వేసుకుని వెంట వచ్చారు. తరగతి కిటికీ బయట నిలబడ్డాం.

పాఠం సంతలో బేరం. నబ్బోసా బుట్ట నిండా టమాటాలు తెచ్చింది. ఒకటి పైకెత్తి, "దీని ధర ఎంత?" అని ఇంగ్లీషులో అడిగింది. అరవై మంది పెదవులు బిగించుకున్నారు. మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే.

వెనక బెంచీ పిల్ల మెడలో బిళ్ళ ఉంది. దాని చెయ్యి మెల్లగా బల్ల కిందికి పోయింది. పక్కపిల్ల "అమ్మా, చచ్చాను!" అని సొంత భాషలో అరిచింది. బిళ్ళ చేతులు మారింది. రెండు నిమిషాల్లో ముందు బెంచీలో ఇంకో కేక. గిల్లుడు వరసలు దాటుతోంది గానీ టమాటా ధర ఎవరూ చెప్పలేదు.

అకెల్లో గారు కలం ఆపారు. "ఏమ్మా, నీ పిల్లలు ఇంగ్లీషు నేర్చుకోవడం లేదు, వేట నేర్చుకుంటున్నారు. ఈ బిళ్ళ పద్ధతి మేం నేర్పామా?"

"లేదండీ."

"మరెవరు?"

నబ్బోసా నేల చూసింది. తండ్రి ఎదురైతే ఇప్పటికీ మోకరిల్లి పలకరించే పిల్ల. నలుగురిలో ఆయన పేరు చెబుతుందా?

"చెప్పకపోతే నీ సొంత తెలివే అనుకుంటాను. అప్పుడు ఈ కాగితం మీద నేను రాయగలిగింది ఒక్కటే."

కలం కాగితం మీదికి దిగింది. మా ఆయన కిటికీ ఊచలు గట్టిగా పట్టుకున్నారు.

"వెళ్ళండి," అన్నాను.

"అంతమంది ముందా? హెడ్మాస్టరుగా చేసినవాణ్ణే!"

"అందుకే వెళ్ళమంటున్నా."

గుమ్మం దాకా వెళ్ళి ఒకసారి ఆగారు. తర్వాత లోపల అడుగుపెట్టారు. పిల్లలు లేచి నిలబడ్డారు.

"రాయకండి మేడమ్," అన్నారు. "ఆ బిళ్ళ పెట్టించింది నేను. మా అమ్మాయి వద్దంది, నేనే వినలేదు. తప్పు నాది."