సాంబారులో దరువు

దాలమ్మ డోలు మీద మొదటి దెబ్బ వెయ్యగానే సభలోని కుర్చీలన్నీ లేచి క్యాంటీన్ వైపు నడుస్తున్నాయి. కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే ఉన్నారు. ఒకాయన ఇంకా తొడ మీద తాళం వేస్తున్నాడు, ఇందాకటి కీర్తనకి.

కార్యక్రమం కాగితంలో వరస ఇదీ: పాత కీర్తన, దాలమ్మ కొత్త రచన, మళ్లీ పాత కీర్తన. వెనకున్న అరవై మంది వయొలిన్లవాళ్లు తమ చెవులు తీసి పెట్టెల్లో పెట్టుకున్నారు, పాత కీర్తన వచ్చాక తగిలించుకుందామని.

కొత్త రచన నిండా ఉన్నది దాలమ్మ తల్లి దరువు. తల్లి పోయింది. ఆ దరువు దాలమ్మ చేతుల్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. ఒక్కరు చివరిదాకా వింటే చాలు, ఇంకో చోట బతుకుతుంది.

"ఏటి బాబూ ఇది? మడుసులు కూకున్నట్టే ఎలిపోతన్నారు!" వాయిస్తూనే అరుస్తుంది, సభ కార్యదర్శి కామేశం మీద.

"వాళ్ల తప్పేముందమ్మా? డోలు వంతు రాగానే కాఫీకి లేవడం మా సభలో నలభై ఏళ్ల ఆచారం. మనుషులు మానుకున్నా కుర్చీలు మానవు."

"మరి నా పాటో?"

"వృథా పోనివ్వం. విననిదంతా సాంబారులో వేస్తాం. కొత్తవాళ్లవన్నీ అందులోనే ఉన్నాయి. మన సాంబారుకి ఊరికే వచ్చిందా అంత పేరు?"

దాలమ్మకి అరికాలి మంట నెత్తికెక్కుతోంది. ఆఖరి దెబ్బ మాత్రం వెయ్యకుండా డోలు పుల్లలోనే ఆపుకుని, క్యాంటీన్‌లోకి నడుస్తుంది. గంగాళంలో ములక్కాడ ముక్కల మధ్య దరువు ఉడుకుతోంది. కామేశం అప్పటికే రెండో గిన్నె తాగుతున్నాడు.

"ఈపూట ఘాటెక్కువైందండీ," అంటోంది ఒక కుర్చీలో ఆవిడ, వడ ముంచుకుంటూ.

"ఘాటు కాదు, మాయమ్మ సేతి దెబ్బ అది! సుక్క కూడా ఒగ్గీకండి!" గరిటె లాక్కుని దాలమ్మే అందరికీ పోస్తుంది.

కుర్చీలు వెనక్కొచ్చి వరసల్లో నిలబడుతున్నాయి. వయొలిన్లు పాత కీర్తన ఎత్తుకుంటాయి. ముందు వరసాయన భేష్ అనడానికి నోరు తెరుస్తాడు. లోపల్నుంచి డోలు మోగుతుంది. పక్కావిడ త్రేనుస్తుంది, రెండో దెబ్బ. ఐదొందల కడుపుల్లో ఒకటే దరువు. కీర్తనకి కాలు పెట్టడానికి చోటు లేదు.

"ఆపమ్మా!" కామేశం రెండు చేతులా పొట్ట అదిమి పట్టుకుంటాడు.

"నా సేతిలో నేదు బాబూ. మీరు ఇన్నేదు, తినీసినారు. తిన్నది అరిగీదాకా ఆగాల."

కామేశం చొక్కా గుండీలు తెగి పడుతున్నాయి. పొట్ట చర్మం బిగుసుకుంటోంది. వీపు మీంచి తోలు తాళ్లు పుట్టి, రెండు పక్కలా దాన్ని లాగి కడుతున్నాయి. కాళ్లు వాటంతటవే అతన్ని దాలమ్మ ముందుకు నడిపించి తెస్తున్నాయి.

"మెల్లిగా అమ్మా," అంటాడు.

కుర్చీలన్నీ కాళ్లు మడిచి నేల మీద కూర్చుంటున్నాయి. దాలమ్మ ఆఖరి దెబ్బ ఆపుకున్న పుల్ల పైకెత్తుతుంది.