కెప్టెన్ బ్యాటరీ గేర్లు

చిన్న మోటారుతో మారే బ్యాటరీ గేర్లను ఆడిపోసుకోవడంలో ఆ సైకిల్ గుంపు కెప్టెన్‌ను మించినవాడు లేడు. ఆదివారం పొద్దున ఎవడైనా అలాంటి బండితో వస్తే చాలు, "బాబూ, రాత్రి దీనికి పాలు పట్టి పడుకోబెట్టావా?" అని మొదలుపెట్టేవాడు. గేరు మారితే ఆ దెబ్బ వేలికి తెలియాలి, లేకపోతే అది తొక్కినట్టే కాదని ఆయన వాదం. ప్రింటింగ్ ప్రెస్సులో ఫోర్‌మన్ కాబట్టి యంత్రాల విషయంలో ఆయనకు ఎదురు చెప్పేవాళ్లు తక్కువ. బావమరిది ఒక్కడే మొండికేసి బ్యాటరీ గేర్లు పెట్టించుకుని, ఏడాది పాటు ఆ నోట్లో నలిగాడు.

అలాంటి పెద్దమనిషికి వేళ్లు చచ్చుబడటం మొదలైంది. చొక్కా గుండీలు భార్యే పెడుతోంది. నరాలు ఎండిపోతున్నాయి, పోయిన పట్టు తిరిగి రాదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. గేరు లివర్ నొక్కలేక, మోకాలి నొప్పని సాకు చెప్పి కొండదారి మానేశాడు. నెలల తరబడి చదును రోడ్డు మీదే, ఒకే గేరులో ఈడ్చుకొచ్చాడు. ఆ గుంపు లేకపోతే ఆయనకు బతుకే లేదు. అది తెలిసిన భార్య సంగతంతా తమ్ముడి చెవిన వేసింది.

బావమరిది తన గేర్లు ఊడదీసి ఆయన బండికి బిగించాడు.

"ఊరికే తాకు బావా. బలం అక్కర్లేదు."

"నలుగురూ ఏమంటార్రా?"

"ఏడిపిస్తారు. పడు. నేను పడలేదూ?"

ఏడిపించారు. అందులోనూ గుంపులో నోటి దురుసున్న ఎలక్ట్రీషియన్ ఒకడు దారి పొడుగునా వదల్లేదు. కెప్టెన్‌కు ఆ వెక్కిరింతలు కూడా తియ్యగానే ఉన్నాయి. వేలు ఆనిస్తే చాలు, గేరు మారిపోతోంది. ఇన్నాళ్లకు మళ్లీ కొండెక్కాడు. పైన రొప్పుతూ నిలబడి, ఇంత సుఖాన్నా నేను తిట్టిపోసింది అనుకున్నాడు. కళ్లు తడిశాయి.

అందరూ దిగువకు జారిపోయారు. ఆయన కూడా కదిలి, మొదటి మలుపు ముందు బ్రేకు పట్టబోయాడు. వేళ్లు లివర్ మీద ఆనాయి కానీ ముడుచుకోలేదు. గేర్ల గొడవలో పడి బావా బావమరిదీ ఇద్దరూ బ్రేకుల మాటే మరిచారు. చదును రోడ్డు మీద తొక్కడం మానేస్తే బండి దానంతటదే ఆగేది, గట్టిగా పట్టే పనే పడలేదు. బూట్లు నేలకు రాస్తూ వెళ్లి గట్టు మీద పడ్డాడు. ప్రాణం పోయినంత పనైంది. లేచి, మిగతా కొండంతా బండిని నడిపించుకుంటూ దిగాడు.

కింద వంతెన దగ్గర అందరూ కాచుకుని ఉన్నారు.

"ఏమైంది కెప్టెన్?"

"బ్యాటరీ చచ్చింది" అన్నాడు ఠక్కున. "నేను చెప్పలేదూ, ఈ బొమ్మల్ని నమ్మొద్దని!"

నవ్వబోయిన వాళ్లు నవ్వకుండానే ఆగిపోయారు. గేర్లు పనిచేయకపోయినా కొండ దిగడానికి వచ్చిన ఇబ్బందేమీ లేదు, సైకిలు తొక్కే ఏ మనిషికైనా ఆ మాత్రం తెలుసు. చూపులన్నీ చీరుకుపోయిన ఆయన మోచేతి నుంచి కిందికి, వేళ్ల మీదకు జరిగాయి.

"ఛార్జింగ్ పెట్టడం నేనే మర్చిపోయా" అన్నాడు బావమరిది తల దించుకుని.

ఎవడో ఒకడు నోరు విప్పి తిట్టరా నాయనా, అని కెప్టెన్ లోలోపల మొక్కుకున్నాడు. చివరికి ఎలక్ట్రీషియనే దగ్గరికొచ్చాడు.

"బండి ఇలా ఇవ్వన్నా, నేను నడిపిస్తాలే" అన్నాడు.

జబ్బు మనిషితో మాట్లాడినంత మెత్తగా అన్నాడు. కెప్టెన్ బండి ఇచ్చేశాడు.